కర్త ఒకరు, భోక్త మరొకరు

చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటాం. కర్మ సిద్ధాంతాన్ని నమ్మేవాళ్ళూ నమ్మనివాళ్ళూ కూడా న్యాయమంటే అదేనని ఒప్పుకుంటారు: పని ఎవరిదో ఫలం వారిదే కావాలి. అద్దె ఇంట్లో ఈ లంకె తెగిపోతుంది. నేలమాళిగలో ఏ బాయిలర్ ఉండాలి, కిటికీకి ఒక అద్దమా రెండా, గోడకు చలి ఆపే పొర వేయించాలా వద్దా అన్నవి యజమాని నిర్ణయాలు. చలికి వణికేదీ, గ్యాస్ బిల్లు కట్టేదీ అద్దెకున్నవాళ్ళు. డబ్బు పెట్టవలసినవాడికి లాభం లేదు, లాభపడేవాడికి గోడ మీద చెయ్యి వేసే హక్కు లేదు. అద్దె ఇళ్ళలో హీట్ పంపులు పెట్టించడం గురించి ఐరోపాలో సాగుతున్న వాదన ఈ ముడి దగ్గరే ఆగుతోంది. ఇంజినీర్లూ లెక్కల నిపుణులూ తేల్చేసే సంగతిలా కనిపించినా, అడుగున ఉన్నది ధర్మప్రశ్న. నిర్ణయం చేతిలో ఉన్నవాడు దాని ఫలితాన్ని మరొకరి మీదికి తోసేయవచ్చా? తోసేయకూడదనీ, దీన్ని యజమానుల మంచితనానికి వదిలేస్తే చాలదనీ, ఫలితాన్ని కర్త దగ్గరికి చేర్చే చట్టం చేయడమే ధర్మమనీ నా వాదన.

జర్మనీని తీసుకుందాం. అక్కడ దాదాపు సగం మంది అద్దె ఇళ్ళలోనే ఉంటారు. చదువుకో ఉద్యోగానికో వెళ్ళిన మన తెలుగు పిల్లలూ వాళ్ళలో ఉన్నారు. అక్కడి ఇళ్ళలో వెచ్చదనానికి ఇప్పటికీ పెద్ద ఆధారం గ్యాసే. గ్యాస్ బాయిలర్ ఎంత మంచిదైనా, కాల్చిన ఇంధనంలో ఉన్న వేడికి మించి ఇవ్వలేదు. హీట్ పంపు వేడిని పుట్టించదు; బయటి గాలిలోంచో నేలలోంచో లాగి లోపలికి చేరుస్తుంది. మన ఏసీ గదిలోని వేడిని బయటికి పంపే పనినే తిప్పి చేస్తుంది. అందుకే ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు. అయితే రేడియేటర్లలో నీళ్ళు మరీ కాగకుండానే గది వెచ్చబడే ఇంట్లోనే ఆ లెక్క నిలుస్తుంది. గోడల్లోంచి వేడి జారిపోయే పాత ఇంట్లో ముందు గోడలూ కిటికీలూ బాగుచేయాలి. ఇవన్నీ యజమాని చేతిలోని పనులే.

2021లో జర్మనీ ఇళ్ళలో కాల్చే ఇంధనం మీద కార్బన్ ధర మొదలుపెట్టింది, టన్నుకు 25 యూరోలు. మొదటి రెండేళ్ళు అది అద్దెకున్నవాళ్ళ బిల్లులోకే వెళ్ళింది. బాయిలర్‌ను మార్చలేనివాడు బాయిలర్ పొగకు మూల్యం కట్టాడు. 2023 జనవరి నుంచి ఒక కొత్త చట్టం ఆ ధరను పది మెట్లుగా పంచింది. ఏడాదికి చదరపు మీటరుకు 12 కిలోల లోపు కార్బన్ డయాక్సైడ్ వదిలే ఇంట్లో మొత్తం అద్దెకున్నవాడే భరించాలి. ఇల్లు బాగుంది, ఇక మిగిలింది వాడకమే. 52 కిలోలూ ఆపైనా వదిలే ఇంట్లో 95 శాతం యజమానిది. గోడ తప్పెంత, మనిషి తప్పెంత అని విడదీసి చూసిన న్యాయం ఇది. కానీ అంకెలు చూడండి. 70 చదరపు మీటర్ల ఫ్లాటు చదరపు మీటరుకు 40 కిలోలు వదిలితే ఏడాదికి 2.8 టన్నులు. 2025 నాటి 55 యూరోల ధరకు, పన్ను కలపకుండా, 154 యూరోలు. ఆ మెట్టులో యజమాని వాటా 60 శాతం, అంటే సుమారు 92 యూరోలు. ఏడాదికి 92 యూరోలు తప్పించుకోవడం కోసం వేల యూరోలు పెట్టి ఎవరూ బాయిలర్ మార్చరు. నీతి సరైన చోటే నిలబడింది, దానికి తగిన బరువు ఇంకా రాలేదు.

ఇక్కడ ఒక తాత్త్విక అభ్యంతరం ఉంది. కర్తే భోక్త అన్నది జీవుడి గురించి చెప్పిన మాట, ఫలం తనంతట తానే కర్తను వెతుక్కుంటూ వస్తుంది, జన్మల మీద నడిచే సిద్ధాంతాన్ని అద్దె ఒప్పందాల్లోకి లాగడమేమిటి అని అడగవచ్చు. ఆ సిద్ధాంతం పరిధి వేరన్న మాట నిజమే. కానీ మ్యూనిక్ చిమ్నీలోంచి లేచిన పొగకు తన కర్త ఎవరో తెలియదు. అది ఆకాశంలో కలిసి శతాబ్దాల పాటు నిలిచి, ఆ పొగతో ఏ సంబంధమూ లేని రైతు చేను మీదా, ఇంకా పుట్టని బిడ్డ మీదా తన ప్రభావం చూపుతుంది. పరలోక న్యాయాన్ని నమ్మినా నమ్మకపోయినా, ఇహంలో ఇలా దారి తప్పిన ఫలాన్ని కర్తకు చేర్చే పని మనుషులదే. చలి గది అద్దెకున్నవాళ్ళ ప్రారబ్ధం అనేవారికీ ఇదే జవాబు. బాయిలర్ మారిస్తే పోయే చలిని ప్రారబ్ధం అనడం ఆ సిద్ధాంతానికే అవమానం. ఇక గీత ఫలాపేక్ష వదలమన్నది పని చేసేవాడిని. చేదు ఫలాన్ని పక్కవాడికి అంటగట్టమని కాదు.

సొంతం అంటే ఏమిటన్నది ఇంకా లోతైన ప్రశ్న. ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రం జగత్తంతా ఈశ్వరుడిదేననీ, త్యాగంతోనే అనుభవించాలనీ బోధిస్తుంది. ఆస్తిపరుడు ఆ ఆస్తికి ధర్మకర్త మాత్రమేనన్న గాంధీ ఆలోచనకు ఆ మంత్రం పెద్ద ఆధారం. 1949 నాటి జర్మన్ రాజ్యాంగం 14వ అధికరణం వేరే దారిలో నడిచి అక్కడికే చేరింది: ఆస్తితో పాటు బాధ్యతా వస్తుందనీ, దాని వినియోగం ప్రజాహితానికీ తోడ్పడాలనీ చెప్పింది. అయితే ధర్మకర్తృత్వాన్ని మనసు మార్పుకే వదిలేస్తే ఏమవుతుందో తెలుగు నేలకు తెలుసు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇచ్చారు. భూదానోద్యమం అక్కడే పుట్టింది. ఆ దానం గొప్పది, దాని స్ఫూర్తి దేశమంతా పాకింది. కానీ తర్వాత దానంగా వచ్చిన భూముల్లో చాలా భాగం సాగుకు పనికిరానివో, తగాదాల్లో ఉన్నవో కావడంతో పేదల చేతికి అందనే లేదు. మంచి మనసు దారి చూపుతుంది. అందరినీ ఆ దారిన నడిపించడానికి చట్టం కావాలి.

చిన్న యజమాని మాటేమిటన్న అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. జర్మనీ అద్దె ఇళ్ళలో అధిక భాగం వ్యక్తులవే. ఒక్క ఫ్లాటు అద్దెనే పింఛనుగా నమ్ముకున్న వృద్ధులూ వాళ్ళలో ఉంటారు. హీట్ పంపు పెట్టించడానికి 2024లో మొదలైన ప్రభుత్వ సాయం పద్ధతిలో తన ఇంట్లో తానే ఉండేవాడికి అర్హమైన ఖర్చులో 70 శాతం దాకా రావచ్చు. పెద్ద ప్రోత్సాహకాలు సొంత ఇంట్లో ఉండేవాళ్ళకే కాబట్టి, అద్దెకిచ్చిన ఇంటికి వచ్చేది మూడో వంతుకు అటూ ఇటూ. ముడి బిగిసింది అద్దె ఇంట్లో అయితే సాయం సొంత ఇంటికి ఎక్కువగా పోతోంది. స్తోమత లేని యజమానికి సాయం పెంచి, అద్దె హద్దును దానికి షరతుగా పెట్టడం న్యాయం.

అద్దెకున్నవారి అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. ఇల్లు మెరుగుపరచడానికి పెట్టిన ఖర్చులో 8 శాతాన్ని యజమాని ఏడాది అద్దెకు కలుపుకోవచ్చని జర్మన్ చట్టం అంటుంది. పన్నెండున్నరేళ్ళకు పెట్టుబడి తిరిగొస్తుంది, పెరిగిన అద్దె మాత్రం అలాగే ఉంటుంది. ఆరేళ్ళలో పెంపు చదరపు మీటరుకు నెలకు 3 యూరోలు దాటకూడదన్న హద్దు ఉన్నా, మన 70 మీటర్ల ఫ్లాటుకు అది 210 యూరోలు. పర్యావరణం పేరు చెప్పి పేదవాడిని ఇల్లు ఖాళీ చేయించడమంటే మంచి పని ఖర్చునూ భోక్త మీదే వేయడం. వేడిచేసే యంత్రం మార్పుకు విడిగా పెట్టిన 50 సెంట్ల హద్దు సరైన దారి. అదే ఫ్లాటుకు 35 యూరోలు. కొలత ఒక్కటే ఉండాలి: అద్దె, వెచ్చదనం ఖర్చు కలిపి చూస్తే, మార్పు తర్వాత నెల భారం పెరగకూడదు.

ఇష్టపడే ఒప్పందం చేసుకున్నారు కదా అన్నది చివరి వాదన. ఇల్లు దొరకడమే కష్టమైన నగరంలో ఆ ఇష్టానికి విలువ తక్కువ. రాబోయే తరాలు ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టలేదు. ఈ ముడి మన దగ్గరా ఉంది; చలి బదులు ఎండ, అంతే తేడా. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం 3 కిలోవాట్ల సోలార్‌కు 78,000 రూపాయల దాకా సాయం చేస్తుంది, కానీ సొంత ఇల్లూ పైకప్పూ ఉన్నవారికే. హైదరాబాద్‌లో పై అంతస్తులో అద్దెకుండేవాళ్ళ నెత్తిన కాగేది యజమాని కప్పు, కరెంటు బిల్లు వాళ్ళది. ఇంటి మీద హక్కు కావాలనుకునేవాడు ఆ ఇంట్లోని చలికీ, ఉక్కకూ, పొగకూ జవాబు చెప్పాలి. ఆ జవాబుదారీ రాసి ఉన్న చట్టాన్ని అడగడం అద్దెకున్నవారి గొంతెమ్మ కోరిక కాదు. ఆస్తిహక్కును ధర్మబద్ధం చేసే షరతు అది.