ఎవరి బాల్యం మీద బెంగ?

హైటెక్ సిటీ చుట్టుపక్కల కెఫేలలో ఈమధ్య బోర్డు ఆటలు పెడుతున్నారు. మాదాపూరులో ముప్పై అయిదు, నలభై ఏళ్ళ ఉద్యోగులు సాయంకాలం ఒక బల్ల చుట్టూ చేరి, చీట్లు తీసి, తమ చిన్ననాటి సినిమాల గురించీ, పాటల గురించీ, టి.వి. ప్రకటనల గురించీ ఒకరినొకరు ప్రశ్నలు వేసుకుంటారు. సరైన జవాబు చెప్పినవాడి ముఖంలో వచ్చే వెలుగు అతని జీతం పెరిగిన రోజున కూడా రాదు. దీన్ని చూసి మన మిత్రులు కొందరు పెదవి విరుస్తారు. ఇది మధ్యతరగతి పలాయనవాదం, వర్తమానాన్ని ఎదుర్కోలేనివాళ్ళు గతంలో తలదాచుకుంటున్నారు అంటారు. ఇంకొందరు, వారమంతా చాకిరీ చేసిన మనుషులు కాస్సేపు ఆడుకుంటే మీ సొమ్మేం పోయింది అని మందలిస్తారు. మొదటిది తీర్పు, రెండోది జాలి. విచారణ రెంటిలోనూ లేదు. గతం మీద బెంగ పెట్టుకోవటం నైతికంగా నిర్దోషమైన పనేనా అన్న ప్రశ్న అలాగే మిగిలిపోతోంది.

బెంగ అన్న మాట మనకు చక్కగా అమరింది. అమ్మ ఊరికి వెళితే పిల్ల బెంగపెట్టుకుంటుంది, అన్నం మానేస్తుంది, జ్వరం తెచ్చుకుంటుంది. యూరపులో దీనికి పేరు పెట్టినవాడు జొహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి. 1688లో బాసెల్‌లో సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో అతను రెండు గ్రీకు మాటలు కలిపి ‘నోస్టాల్జియా’ అన్నాడు. తిరిగి ఇల్లు చేరటం ఒకటి, నొప్పి రెండోది. అప్పట్లో దాన్ని రోగంగానే లెక్కవేశారు. పరాయి రాజుల కొలువులో కిరాయికి యుద్ధాలు చేసే స్విస్ సిపాయిలలో అది ఎక్కువగా కనిపిస్తుందని తర్వాతి వైద్యులు రాశారు. అంటే తన శ్రమను దూరదేశంలో అమ్ముకున్నవాడికి పట్టే జబ్బుగా అది పేరుపడింది. శ్రీకాకుళం నుంచో, కరీంనగర్ నుంచో వచ్చి అమెరికా గడియారాన్ని బట్టి నిద్ర లేచే మాదాపూరు ఉద్యోగికి ఆ జబ్బు రావటంలో వింతేమీ లేదు. అయితే సిపాయి స్వగ్రామం చేరితే అతని జబ్బు నయమయ్యేదట. ఇతను కోరే ఊరు 1995లో వుంది.

వెళ్ళలేని చోటికి టిక్కెట్లు అమ్మటం లాభసాటి వ్యాపారం. ఇటువంటి ఆటలలో ప్రసిద్ధమైన ‘ట్రివియల్ పర్స్యూట్’ను 1979లో కెనడాలోని మాంట్రియల్‌లో క్రిస్ హేనీ, స్కాట్ ఎబట్ అనే ఇద్దరు పత్రికోద్యోగులు ఊహించారు. 1984 ఒక్క ఏడాదిలో ఉత్తర అమెరికాలో దాదాపు రెండు కోట్ల పెట్టెలు అమ్ముడుపోయాయి. ఆ ఏడాదే ఫ్రెడ్ వర్త్ అనే ఆయన, తన పుస్తకాలలో నుంచి ప్రశ్నలు కాజేశారని దావా వేశాడు. ఆయన చేతిలో రుజువు గట్టిదే. దొంగను పట్టుకోవటానికని తన పుస్తకంలో కావాలనే ఒక అబద్ధం పెట్టాడు, టి.వి. డిటెక్టివ్ కొలంబో మొదటి పేరు ఫిలిప్ అని. ఆ అబద్ధం ఆట చీటీ మీద సరైన జవాబుగా అచ్చయింది! అయినా కోర్టు, నిజాల మీద ఎవరికీ యాజమాన్యం వుండదని దావా కొట్టివేసింది. నిజాలు ఎవరి సొత్తూ కావు గాని వాటిని నింపిన పెట్టె మాత్రం సొత్తే. 2008లో హాస్‌బ్రో కంపెనీ ఆ ఆట హక్కులను ఎనిమిది కోట్ల డాలర్లకు కొన్నది. నాకు మాత్రం ఆ ఫిలిప్ మీదనే ధ్యాస. ఎవరూ తెరమీద వినని ఒక పేరును ఎన్ని ఇళ్ళలో మనుషులు తమ సొంత జ్ఞాపకంగా చెప్పి గెలిచివుంటారో!

మన ఇళ్ళలో ఆడిన ‘బిజినెస్’ ఆట కథ ఇంకా విచిత్రం. దాని మూలరూపానికి అమెరికాలో ఎలిజబెత్ మేగీ అనే ఆమె 1904లో పేటెంటు పొందింది. ఆమె హెన్రీ జార్జి అనుయాయి. అద్దె వసూలు చేసేవాడు తక్కినవాళ్ళను ఎలా దివాలా తీయిస్తాడో జనం చేత ఆడించి చూపాలనుకుంది. 1935 నుంచి ‘మోనోపలీ’ పేరుతో పెద్ద కంపెనీ అమ్మిన ఆటలో ఆ పాఠం ఎగిరిపోయి, అద్దె వసూలు చేయటంలోని ఆనందం మిగిలింది. దాని దేశీ అనుకరణలో మన పిల్లలు బొంబాయినీ, ఢిల్లీనీ కొనేశారు. ఖానామెట్, గుట్టల బేగంపేట పిల్లలకు అట్ట అక్కర్లేకపోయింది; వాళ్ళ భూముల మీదనే పెద్దవాళ్ళు ఆడారు.

ఇక చీట్లు ఏమి అడుగుతాయి? 1998లో విడుదలయిన ‘తొలిప్రేమ’ నాయిక ఎవరని అడుగుతాయి. ఆ సినిమాను 2023లో మళ్ళీ విడుదల చేస్తే జనం మళ్ళీ వెళ్ళి చూశారు. 2024 జనవరిలో వచ్చిన ‘నైన్టీస్’ ధారావాహిక తన పేరులోనే మధ్యతరగతి జీవితచరిత్ర అని చెప్పుకున్నది. ఆ మాత్రపు నిజాయితీకి దాన్ని మెచ్చుకోవాలి. తక్కినవాళ్ళందరూ ‘మన చిన్నతనం’ అంటున్నారు. ఎవరి చిన్నతనం? శుక్రవారం రాత్రి దూరదర్శన్‌లో చిత్రలహరి చూడటానికి ఒక ఇంటి ముందు వీధంతా చేరిన మాట నిజమే. కుర్చీలో ఎవరు, చాప మీద ఎవరు, గుమ్మం బయట ఎవరు, కిటికీ చువ్వలు పట్టుకొని ఎవరు అన్నదానికి చీటీ లేదు. ఇంటిల్లిపాదీ పాటలు చూస్తుంటే వాటిని వంటింట్లో నుంచి వినటమే తప్ప ఏనాడూ చూడని తల్లికీ చీటీ లేదు. కెఫే ముందు కార్లు నిలబెట్టించే మనిషికీ నలభై ఏళ్ళే వుంటాయి. పాలమూరు నుంచి తల్లిదండ్రుల వెంట వలసపోయి మట్టితట్టల మధ్య పెరిగినవాడయితే, 1998 అతనికి జ్ఞాపకం లేకపోతుందా? ఆ ఏడాది నవంబరు 22న వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 1997-98 సాగుకాలంలోనే వరంగల్ జిల్లాలో పత్తి రైతులు పురుగుమందు తాగి ప్రాణాలు తీసుకున్నారు.

సినిమా చీటీ తీసిపారేసి పత్తి రైతుల చీటీ పెట్టాలని నేననటం లేదు. అటువంటి చీట్లతో ఎవరూ ఆడరు, ఆడనక్కర్లేదు కూడా. పనికిమాలిన జ్ఞానం మీద మనిషికుండే ప్రేమ చులకన చేయదగింది కాదు. మాదాపూరు ఉద్యోగి నేర్చిన ప్రతి విద్యకూ గంటకు ఇంత అని ధర వుంది. రేపొక కొత్త యంత్రం వస్తే ఆ ధర వుండదు. కాని ఏ పాట తర్వాత ఏ పాట వచ్చేదో అన్న జ్ఞానాన్ని ఏ కంపెనీ కొనదు, దానికి ఏడాది చివర మార్కులు వేయదు. దాన్ని అతను తోటిపిల్లల మధ్య, కాలం తనదై వున్న రోజులలో, ఊరికే సంపాదించుకున్నాడు. చీటీ చదివి అతను పొంగిపోవటానికి నాయిక పేరు ఒక సాకు. తలపుకు వచ్చేది ఆ తీరిక. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థలలో రోజుకు పది గంటలు పని చేయించుకోవటానికి అనుమతించింది. వారానికి 48 గంటలు మించరాదన్న షరతు ఉత్తర్వులో వుంది. రాత్రి పదింటికి మోగే ఫోనుకు ఆ షరతు తెలియదు.

కాబట్టి ఆ బెంగలో ఒక ఫిర్యాదు వుంది. అది ఎవరి మీద ఫిర్యాదో మరిపించటమే అట్టపెట్టె చేసే పని. నీ కాలాన్ని తీసుకుపోయింది వయస్సు అని అది చెబుతుంది. యజమాని అని చెప్పదు. పలాయనవాదమని ఈసడించే మిత్రులూ తెలియకుండా అదే మాట ఒప్పుకుంటున్నారు. తన తీరికను ఎవరు తీసుకున్నారని అడిగినవాడు, చిన్ననాడు తనకు ఆ తీరికను తమ రెక్కలతో ఇచ్చినవాళ్ళెవరని కూడా అడగాలి. ఆ రెండో ప్రశ్న దగ్గర ఆగిపోతే బెంగ దోషమవుతుంది. వంటింటి తల్లినీ, కిటికీ బయటి పిల్లవాణ్ణీ చెరిపేసి ‘ఆ రోజులే వేరు’ అనటం అబద్ధం చెప్పటమే, కొలంబోకు పేరు పెట్టినట్టు.

మాదాపూరులోనే, సైబర్ టవర్స్‌కు దగ్గరలో, 1992లో తలపెట్టిన శిల్పారామం వుంది. అక్కడి గ్రామీణ మ్యూజియంలో కుమ్మరినీ, నేతగాణ్ణీ నిలువెత్తు బొమ్మలుగా చేసి పెట్టారు. బొమ్మలు ముచ్చటగానే వుంటాయి, కూలి అడగవు. ఉపాధ్యాయులు పిల్లలను విహారయాత్రకు అక్కడికి తీసుకువెళతారు. వెళ్ళినప్పుడు ఆ చుట్టుపక్కల అంతకుముందు ఏమి పండేదో, ఆ భూములు ఎవరి చేతుల్లో వుండేవో, వాళ్ళకు ఎంత ముట్టిందో, వాళ్ళ పిల్లలు ఇప్పుడేమి చేస్తున్నారో కనుక్కొని రమ్మని పంపవచ్చు. లోపలి బొమ్మలు చెప్పవు. బయట రోడ్డు పక్కన మొక్కజొన్న కంకులు కాల్చి అమ్ముకునేవాళ్ళను అడగాలి.