నానిన చెక్క

బేస్తవారం అంటే గురువారం. ఆ మాట పేరులో మోగే ఊళ్ళో పుట్టినందుకో ఏమో, భాగవతం ఏకాదశ స్కంధంలో కృష్ణుడు ఉద్ధవుడికి చెప్పిన పోలిక చిన్ననాడే మనసుకు పట్టింది. నరదేహం చక్కగా అమరిన పడవ, గురువు చుక్కాని పట్టినవాడు, భగవంతుడి అనుగ్రహం వెనకనుంచి తోసే గాలి. కానీ నల్లమల కింద మెట్టపొలాల్లో పెరిగినవాణ్ణి, కంభం చెరువు తప్ప పెద్ద నీళ్ళు ఎరగను. పడవ అంటే దాటడానికి ఎక్కేదనే అనుకున్నాను. అందులోనే బతకడమంటే ఏమిటో తెలియదు.

మన తీరంలో అలా బతికినవాళ్ళున్నారు. 1876-78 నాటి ధాత కరువు పనులతో ముందుకు సాగి, 1878లో మద్రాసు గవర్నరు పేరు పెట్టుకున్న బకింగ్‌హాం కాలువలో ఉప్పూ కట్టెలూ మోసిన పడవవాళ్ళకు రోజుల తరబడి పడవే ఇల్లు. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గెడ, అదీ చాలకపోతే గట్టున నడుస్తూ తాడుతో లాగడం.

2015 గోదావరి పుష్కరాలకు పోయినప్పుడు ఒక ముసలి సరంగును చూశాను. పడవ అడుగున ఊరిన నీటిని, కోసిన నూనె డబ్బాతో తోడి పోస్తున్నాడు. తోడటమయ్యాక ఒక పలక సందును బొటనవేలితో నొక్కి చూశాడు. నూలు పీచు మెలిపెట్టి, ఉలితో ఆ సందులోకి దించి, పైన తారు రాశాడు.

"రోజూ ఇంతేనా పెద్దాయనా? ఒడ్డుకు లాగి తీరిగ్గా బాగుచేసుకోకూడదా?"

"లాగుతామండి, ఎప్పుడైనా. ఎక్కువ రోజులుంచితే ఎండిపోద్దండి. ఎండితే సందులు విచ్చుకుంటాయి. నీళ్ళలో ఉంటేనే చెక్క ఉబ్బి బిగుసుకుంటాదండి."

పడవ నీళ్ళలో ఉండవచ్చు గాని నీళ్ళు పడవలో ఉండరాదని రామకృష్ణ పరమహంస అన్నారు. ఆ మాటలో నాకు అందని సగం ఆ రేవులో దొరికింది. మనల్ని ముంచగల సంసారమే మన పలకల్ని బిగించి పట్టుకుంటోంది. కోపం, ఆశ, అసూయ లోపలికి ఊరుతూనే ఉంటాయి. ఆ ఊట పూర్తిగా ఆగితేనే సాధన ఫలించినట్టని ఏళ్ళ తరబడి కుమిలిపోయాను. సరంగుకు ఆ దిగులు లేదు. పూటపూటా తోడతాడు, అంతే. కర్మ మానితే బతుకు కూడా సాగదని చెబుతూ గీత మూడో అధ్యాయం వాడిన మాట శరీరయాత్ర. యాత్ర అన్నాక రోజువారీ చాకిరీ దానిలో భాగమే. వంటా, గిన్నెలూ, మంచంపట్టిన తల్లికి పక్క మార్చడమూ సాధనకు అడ్డొచ్చే పనులని విసుక్కున్న రోజులు నాకున్నాయి. ఇప్పుడు వాటినే పీచూ తారూ అంటాను. పరమహంసల సంగతి వేరు. వాళ్ళు ఒడ్డు చేరినవాళ్ళు. నాబోటివాడు అన్నీ వదిలి ఎక్కడికో పోయి ప్రశాంతంగా కూర్చుంటే ఎండి విచ్చుకుపోతాడు.

ఆ సరంగు మాట విన్నప్పుడు మా తాత గుర్తొచ్చాడు. ఎండలు ముదిరితే బండి చక్రాల చెక్క కుంచించుకుపోయి, ఇనప పట్టా వదులయ్యేది. సాయంత్రం బండిని గుండ్లకమ్మ మడుగులోకి తోలి, ఎద్దుల్ని విప్పి, రాత్రంతా చక్రాల్ని నీళ్ళలోనే వదిలేసేవాడు. తెల్లారి చూస్తే పట్టా బిగిసి ఉండేది.