ఎరువు గుర్రం కుంటితే...



ఎరువు సొమ్ము బరువు చేటు అంటారు మన పెద్దలు. ఇతరుల సొమ్ము మన చేతిలో ఉన్నంతసేపు గుండెల మీద బరువే. మరి ఎరువు తెచ్చుకున్నది గిన్నో గొడ్డలో కాక, నోరులేని ప్రాణి అయితే? ఈ నెల ఒక ఉదాహరణతో ఆ సంగతి ఆలోచిద్దాం.

ఒక సోదరుడు గుర్రపు బండి తోలుకుని కుటుంబాన్ని పోషిస్తున్నాడనుకుందాం. అతని గుర్రం చనిపోయింది. మేనమామ జాలిపడి, మరొకటి కొనుక్కునేదాకా వాడుకోమని తన గుర్రాన్ని ఇచ్చాడు. రెండు నెలలు గడిచాయి. ఒకరోజు ఉదయం ఆ గుర్రం కాళ్ళు బిగుసుకుపోయినట్లు నడిచింది. కాస్త దూరం పోయాక సర్దుకుంది. వారం తిరిగేసరికి కుంటడం మొదలుపెట్టింది. బండి ఆపితే ఇంట్లో పొయ్యి వెలగదు. మామకు చెబితే గుర్రాన్ని వెనక్కి తీసుకుంటాడేమోనన్న భయం. ఇప్పుడతను ఏం చేయాలి?

ముందుగా తన చేతిలో ఉన్నదేమిటో అతను గుర్తించాలి. ప్రతిఫలం తీసుకోకుండా వాడుకోవడానికి ఇచ్చిన దానిని షరీఅత్ పరిభాషలో ‘ఆరియత్’ అంటారు. అది అమానతు. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని అన్నిసా సూరా 58వ ఆయతులో అల్లాహ్ ఆజ్ఞాపించాడు. ఇచ్చిన స్థితిలోనే తిరిగి అప్పగించాలన్న తపన లేకపోతే ఆ ఆజ్ఞను మనం సగమే పాటించినట్లు.

దైవప్రవక్త (సఅసం) కూడా గుర్రాన్ని ఎరువు తీసుకున్నారు. ఒక రాత్రి మదీనాలో ఏదో అలజడి వినిపించి జనం భయపడ్డారు. ఆయన హజ్రత్ అబూ తల్హా (రజి) గారి గుర్రాన్ని తీసుకుని, జీను కూడా లేకుండా ఎక్కి, అందరికంటే ముందే వెళ్ళి చూసి వచ్చారు. భయపడాల్సిందేమీ లేదని ప్రజలకు ధైర్యం చెప్పారు. మందూబ్ అనే ఆ గుర్రానికి మందకొడి అని పేరు. కాని ఆయన దానిని సముద్రంతో పోల్చి మెచ్చుకున్నారు. ఈ సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. ఎరువు తెచ్చుకున్న గుర్రం గురించి ఎలా మాట్లాడాలో కూడా ఇందులో మనకు పాఠం ఉంది.

మన బండి సోదరుని ముందు షైతాను మూడు తప్పుడు దారులు పెడతాడు.

మొదటిది, చూసీ చూడనట్లు బండి తోలడం. పొట్ట వీపుకు అంటుకుపోయిన ఒక ఒంటెను చూసి, నోరులేని ఈ జీవాల విషయంలో అల్లాహ్‌కు భయపడమని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. అవి బాగున్నప్పుడే వాటిపై స్వారీ చేయమన్నారు (అబూ దావూద్). కుంటే గుర్రం బాగున్న గుర్రం కాదు. మన ఇంటి ఆకలి నిజమే. కాని ఆ ఆకలి దాని కాలు విరగ్గొట్టే హక్కును మనకివ్వదు.

రెండవది, నొప్పి మాత్ర మింగించి పని చేయించుకోవడం. నొప్పి అనేది ఆ ప్రాణికి అల్లాహ్ ఇచ్చిన రక్షణ. నొప్పి తెలియకపోతే అది చెడిన కీలుపైనే బరువంతా మోపుతుంది. పైకి నడక బాగుపడినట్లు కనిపిస్తుంది, లోపల కీలు మరింత చెడుతుంది. డాక్టరు చెప్పకుండా మనుషుల మాత్రలు వేయడం మరీ ప్రమాదం.

మూడవది, ఏమీ చెప్పకుండా గుర్రాన్ని మామ ఇంటి ముందు కట్టేసి రావడం. పైన పొడి ధాన్యం పోసి, తడిసిన దానిని అడుగున దాచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (సఅసం) మందలించారు. మోసం చేసేవాడికి తనతో సంబంధం లేదన్నారు (ముస్లిం). కుంటును దాచి అప్పగించడం అలాంటిదే.

మరి సరైన దారి ఏది? కుంటు కనిపించిన రోజునే పని ఆపాలి, ఆ రోజే యజమానికి చెప్పాలి. తర్వాత శ్రద్ధగా గమనించాలి. ముందుకాలు నొప్పిగా ఉన్న గుర్రం ఆ కాలు నేలకు ఆనగానే తల పైకెత్తుతుంది, మంచి కాలు ఆనినప్పుడు తల దించుతుంది. కుంటుకు కారణం చాలాసార్లు గిట్టలోనే ఉంటుంది. కనుక గిట్ట ఎత్తి రాయి, మేకు, చీము ఉన్నాయేమో చూడాలి. లాడం వదులైందా, గిట్ట పెరిగిపోయిందా అన్నది చూడాలి. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించి లాడాలు సరిచేయించాలి. ముందుకాళ్ళు ముందుకు చాచి, బరువు వెనక్కి మోపి నిలబడితే, గిట్టలు వేడిగా ఉంటే, ఆలస్యం చేయకుండా పశువుల డాక్టరును పిలవాలి. దాణా అతిగా పెట్టడం వల్ల కూడా ఈ జబ్బు వస్తుంది.

వయసు మీద పడి కీళ్ళు అరిగితే పూర్తిగా నయం కావు. అయినా ఉపశమనం ఉంది. రోజంతా కట్టేసి ఉంచితే బిగుసుకుపోవడం ఎక్కువవుతుంది. డాక్టరు సరేనంటే మెత్తని నేలపై రోజూ మెల్లగా నడిపించాలి. ఒళ్ళు పెరగనివ్వకూడదు. ఇక బరువు లాగగలదా లేదా అన్నది డాక్టరు చెప్పాలి, మన అవసరం కాదు.

ఖర్చు ఎవరిది? ఎరువు తీసుకున్న జంతువు మేత, దానిని తిరిగి చేర్చే ఖర్చు తీసుకున్నవాడివేనని హనఫీ పండితులు అంటారు. హద్దు మీరకుండా, నిర్లక్ష్యం చేయకుండా వాడినప్పుడు నష్టం జరిగితే అతనిపై పరిహారం లేదంటారు. కుంటును చూసి కూడా తోలితే అది హద్దు మీరడమే. షాఫయీ, హంబలీ పండితులు సాధారణంగా నష్టానికి తీసుకున్నవాడే బాధ్యుడంటారు. హునైన్ యుద్ధ సమయంలో (హిజ్రీ 8) దైవప్రవక్త (సఅసం) అప్పటికింకా ఇస్లాం స్వీకరించని సఫ్వాన్ బిన్ ఉమయ్య దగ్గర కవచాలు తీసుకున్నారు. లాక్కుంటున్నారా అని అతను అడిగితే, కాదు, హామీతో కూడిన ఎరువేనని చెప్పారు. ఈ హదీసును వారు ఆధారంగా చూపుతారు. వైద్యం ఖర్చు గురించి మామా అల్లుళ్ళు ముందే మాట్లాడుకుంటే మనస్పర్థలు రావు.

ఇచ్చేవారికీ ఒక మాట. మీ గుర్రానికి పాత కుంటు ఉంటే ఇచ్చేటప్పుడే చెప్పండి. నిజం చెప్పి వచ్చినవాడిని నిందించకండి. నిందిస్తే రేపు ఎవరూ నిజం చెప్పరు. చిన్నచిన్న వస్తువులు కూడా ఇవ్వని వారిని అల్‌మాఊన్ సూరా తప్పుపట్టింది. ఒక చేదు అనుభవంతో ఆ తలుపు మూసేయకండి.

మనలో చాలామంది ఇళ్ళలో గుర్రం లేదు. కాని పొరుగింటి కుట్టుమిషను, తోడల్లుడి మోటారుసైకిలు ఉన్నాయి. అవి చెడినప్పుడు మనం ముందు ఎవరికి చెబుతున్నాం, ఏం దాస్తున్నాం? నిజానికి మన కాళ్ళూ కీళ్ళూ కూడా అల్లాహ్ కొంతకాలానికి మనకిచ్చిన అమానతులే. వాటి లెక్క అడిగే రోజు ఒకటి ఉంది.

అమానతులను కాపాడే, నోరులేని జీవాలపై దయచూపే, నష్టం వచ్చినా నిజమే పలికే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.