“అబ్బే” అనే పిలుపు



కాదని చెప్పేటప్పుడు మనం “అబ్బే” అంటాం. ఫ్రెంచివారు మాత్రం గురువును గౌరవంగా “అబ్బే” అని పిలుస్తారు. ఈ పిలుపు ఎలా పుట్టింది?

క్రీస్తుప్రభువు మాట్లాడిన అరమాయిక్ భాషలో “అబ్బా” అంటే తండ్రి. గెత్సెమని తోటలో ఆయన పరలోక తండ్రిని అలాగే పిలిచారు. ఆ మాటే లతీనులో “అబ్బాస్”, ఫ్రెంచిలో “అబ్బే” అయింది. మొదట అది మఠాధిపతి బిరుదు. తన శిష్యుల ఆత్మలకు మఠాధిపతి దేవుని ఎదుట లెక్క చెప్పాలని 6వ శతాబ్దంలో పునీత బెనెడిక్టు తన నియమావళిలో రాశారు.

1516లో పదవ లియో పోపుగారితో కుదిరిన ఒప్పందం వల్ల మఠాధిపతులను ప్రతిపాదించే హక్కు ఫ్రాన్సు రాజుకు దక్కింది. మఠవాసం ఎరుగని వారు కూడా అధిపతులై, మఠం ఆదాయాన్ని అబ్బ సొమ్ములా అనుభవించారు. ఆ పదవులకు ఆశపడినవారూ “అబ్బే” అనిపించుకున్నారు. చివరికి అది మేత్రాసన గురువులందరి పిలుపయింది.

అయితే బిరుదును సార్థకం చేసుకున్నవారూ ఉన్నారు. 1823 వరకు మన దేశంలో ఉన్న అబ్బే దుబోయి మైసూరు ప్రాంతంలో మశూచి టీకాలు వేయించారు. 1846లో అన్సీ నుండి విశాఖపట్టణం చేరిన ఫ్రెంచి భాషీయులైన గురువులు మన ఉత్తరాంధ్రలో విశ్వాసపు విత్తనం నాటారు.

భూమిమీద ఎవరినీ తండ్రి అని పిలవవద్దని ప్రభువు హెచ్చరించారు కదా, మరి మనం “ఫాదర్‌గారూ” అని ఎందుకు పిలుస్తున్నాం? పితృత్వం దేవునిదే. గురువుకైనా, ఇంటి యజమానికైనా అది అరువు సొత్తు. అరువు తెచ్చుకున్నవాడు లెక్క చెప్పాలి.

తండ్రి ఎవరో ఉద్దానం రైతుకు తెలుసు. 2018లో తిత్లీ తుఫాను కొబ్బరితోటలను కూల్చేసింది. ఆ నేలలోనే మళ్లీ మొక్క నాటిన ముసలివాడు ఆ కాయ తాను తింటానని నాటలేదు, పిల్లల కోసం నాటాడు. నాటేవాడు తండ్రి. కూర్చుని తినేవాడికి బిరుదు మాత్రమే మిగులుతుంది.

ఇక మన లెక్క. ఒకే తండ్రిని పిలిచే మనం ఒకరికొకరం తోబుట్టువులం. కిడ్నీ జబ్బుతో పలాస ఆసుపత్రికి డయాలసిస్‌కు వెళ్లే మన పొరుగువాని వెంట తోడుగా వెళ్లేదెవరు? విచారణ గురువు వెళ్తే చాలునని మనం ఇంట్లో కూర్చుంటే, ఆదివారం పూజలో “పరలోకమందున్న మా తండ్రీ” అనేటప్పుడు, ఆ “మా” అన్న మాటకు అర్థమేమిటి?