అశ్వహృదయం

హాలిఫాక్స్ నగరం నడిబొడ్డున, సిటడెల్ కొండకు చేరువలో, బెల్ రోడ్డు వెంట నడిచే మనకు ఒక గుర్రపుశాల కనిపిస్తుంది. హాలిఫాక్స్ జూనియర్ బెంగాల్ లాన్సర్స్ అనే ఆ స్వారీ పాఠశాల 1936లో ఏర్పడింది. బెంగాల్ లాన్సర్లంటే బ్రిటిష్ పాలనాకాలపు భారత సైన్యంలో ఈటెలు ధరించిన రౌతులు. మనలో చాలామందికన్నా ముందే మన దేశపు పేరొకటి సముద్రాలు దాటి ఈ ఊరు చేరిందన్నమాట. గుర్రంపై కూర్చున్న ఒక చిన్న పిల్లను చూసినప్పుడు మనకొక ప్రశ్న కలుగుతుంది. తనకన్నా ఎన్నో రెట్లు బలమైన, మాటలు రాని ప్రాణికి విద్య నేర్పడమంటే లొంగదీసుకోవడమా, ఒప్పించడమా?

డ్రెస్సాజ్ అనే స్వారీ కళలో ఈ ప్రశ్న స్పష్టంగా ఎదురయ్యేది గుర్రానికి పక్క అడుగులు నేర్పేటప్పుడు. ముందుకు పరుగెత్తడం గుర్రానికి సహజం. ముందుకు సాగుతూనే, కాలిని కాలు దాటిస్తూ పక్కకు జరగడం మాత్రం నేర్పితే వచ్చేది. రౌతు జీనుపట్టీకి కొంచెం వెనుకగా తన కాలితో మెల్లగా ఒత్తుతాడు. ఆ ఒత్తిడికి గుర్రం ఒక్క అడుగు పక్కకు వేయగానే కాలు సడలించాలి. ఈ కళలోని రహస్యమంతా ఆ సడలింపులోనే ఉంది. ఒత్తిడి గుర్రాన్ని ఒక ప్రశ్న అడుగుతుంది. 'సరిగా చేశావు' అన్న జవాబు ఒత్తిడి తొలగిన క్షణంలో దానికి అందుతుంది. అడుగు వేసినా కాలు ఒత్తుతూనే ఉంటే, తన ప్రయత్నం వృథా అని గుర్రం గ్రహిస్తుంది. క్రమంగా మొద్దుబారుతుంది. అప్పుడు రౌతు మరింత గట్టిగా పొడుస్తాడు, గుర్రానిదే తప్పంటాడు.

తరువాతి మెట్టు 'షోల్డర్ ఇన్'. గుర్రం తన దేహాన్ని రౌతు లోపలి కాలి చుట్టూ కొద్దిగా వంచి, ముందు భాగాన్ని గోడ నుంచి దాదాపు 30 డిగ్రీలు లోపలికి తెచ్చి నడుస్తుంది. ఎదురుగా నిలబడి చూస్తే డెక్కల జాడలు మూడు వరుసలుగా కనిపిస్తాయి. ఫ్రాన్సుకు చెందిన లా గెరినియేర్ 1733 నాటి తన గ్రంథంలో ఈ అభ్యాసానికి ప్రముఖ స్థానమిచ్చాడు. దీనివల్ల లోపలి వెనుక కాలు దేహం కిందికి వచ్చి బరువు మోయడం నేర్చుకుంటుంది, కీళ్లు సాగుతాయి. తొందరపడే రౌతు లోపలి పగ్గం లాగుతాడు. మెడ వంగుతుంది గాని భుజం బయటికి జారిపోతుంది, వెనుక కాలు ఏ పనీ చేయదు. చూసేవారికి ఆకారం కనిపిస్తుంది. లోపల విద్య ఉండదు.

కఠోపనిషత్తులోని రథం మనకు తెలిసినదే. అక్కడ బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు. బోధన అంటే పగ్గాలు బిగించడమేనన్న భావం మనలో స్థిరపడడానికి ఆ ఉపమానాన్ని పొరపాటుగా అన్వయించుకోవడమూ కొంత కారణం కావచ్చు. మన ఇంద్రియాలు మనవి, వాటిని నిగ్రహించే అధికారం మనకుంది. ఎదుటి ప్రాణి మన ఇంద్రియం కాదు.

దీనికి సరైన ఉపమానం నన్నయ తెలుగు చేసిన అరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో ఉంది. బాహుకుడనే మారువేషంలో ఉన్న నలుడు, ఋతుపర్ణ మహారాజును ఒక్క రోజులో విదర్భకు చేర్చవలసి వస్తుంది. రథానికి పూన్చిన గుర్రాలు మోకాళ్లపై కూలబడితే నలుడు వాటిని అనునయించి లేపాడని మూలకథ చెబుతుంది. అతని విద్య పేరు అశ్వహృదయం. గుర్రాన్ని గెలవడం కాదు, గుర్రం మనసు తెలియడం. దారిలో ఋతుపర్ణుడు అతనికి అక్షహృదయం ఉపదేశించాడు; ప్రతిగా నలుడు తన విద్య ఇస్తానన్నాడు. అక్కడ నేర్పేవాడు నేర్చుకునేవాడు కూడా అయ్యాడు.

అయినా ఒక ఆక్షేపణ మిగులుతుంది. మృదువైన ఒత్తిడీ ఒత్తిడే. కళ్లెం కావాలని ఏ గుర్రమూ అడగలేదు. దీనికి పూర్తి సమాధానం ఉందని మనం బుకాయించలేము. కాని రెండు పరీక్షలు పెట్టుకోగలం. మొదటిది, నేర్చుకునేవారి నిరాకరణ మనకు వినిపిస్తున్నదా? చెవులు వెనక్కి అణచడం, తోక విసరడం, వీపు బిగించడం గుర్రం భాషలో 'వద్దు' అనడమే కావచ్చు, 'నొప్పి' అనడమూ కావచ్చు. రెండవది, ఈ విద్య వల్ల బలపడేది ఎవరు? నేర్చుకున్న ప్రాణా, ప్రదర్శించే మన గొప్పా?

ఈ పరీక్షలు మన ఇళ్లకూ వర్తిస్తాయి. ఇక్కడ పుట్టిన మన పిల్లలు తెలుగు కావాలని అడగలేదు. మనమే వారిపై ఆ భారం ఉంచాము. అది తప్పని మనం అనుకోము. భాష లేనిదే అమ్మమ్మ తాతయ్యలతో వారికి మాట బంధం ఉండదు. అయితే పండుగనాడు వేదికపై అర్థం తెలియని పద్యాన్ని అప్పజెప్పించి మురిసిపోతే, మనం పగ్గం లాగి మెడ వంచినవారమే. అదే బిడ్డ ఫోనులో "అమ్మమ్మా, నేను అన్నం తిన్నది" అన్నదనుకుందాం. ఆ క్షణంలో మనమేం చేస్తాము? వెంటనే "తిన్నది కాదు, తిన్నాను" అని దిద్దుతామా, లేక అమ్మమ్మ "ఏం కూర తిన్నావమ్మా?" అని అడిగేదాకా ఊరుకుంటామా?

రౌతు కొద్దీ గుర్రం అన్నారు మన పెద్దలు. గుర్రం అడుగు తడబడితే, ముందుగా పరిశీలించవలసింది రౌతు కూర్చున్న తీరునే. బిడ్డ తనంతట తాను ఒక్క అడుగు మన భాషవైపు వేసినప్పుడు, కాలు సడలించడం మనం నేర్చుకోవాలి. వ్యాకరణం రేపు దిద్దుకోవచ్చు.