బొమ్మ క్రింది చీటి

ప్రతి సంవత్సరమును మే మాసమున, వేసవి సెలవులకు ముందు, మా అమ్మాయి చదువుకొను ఎలిమెంటరీ స్కూలులో పిల్లలు ఏడాది పొడుగునను వేసిన బొమ్మలను నడవాల గోడలనిండ అంటించి, ఒక సాయంకాలము తల్లిదండ్రులను పిలుచుట ఆచారము. అమెరికాకు వచ్చిన క్రొత్తలో ఇది పిల్లల వేడుకయే గదా యని ఒక చుట్టు చుట్టి, మా అమ్మాయి బొమ్మముందు ఫోటో తీసికొని, వచ్చిన త్రోవనే మరలెడివాడను. ఇటీవల బొమ్మలకంటె వాటి క్రింద అంటించిన చిన్న చీటీలను చదువుట నాకు అలవాటైనది. చీటి చీటికిని రెండు పేర్లుండును: బొమ్మ వేసిన బిడ్డ పేరొకటి, ఏ చిత్రకారుని పనిని చూచి ఆ బొమ్మ వేయబడినదో ఆ చిత్రకారుని పేరొకటి.

ఇది మెచ్చదగిన పద్ధతి. రెండవ తరగతి పిల్లవాడు తెల్లకాగితముపై క్రేయానుతో సుడులు సుడులుగా గీసి, పైని నీలిరంగు నీటిని పూయగా, మైనము నీటిని అంటనీయదు గనుక చుక్కలును చంద్రుడును చీకటిలోనుండి బయటపడుదురు. ఆ ఆటలోనే వాడు, విన్సెంట్ వాన్ గో అనునాతడు 1889లో, మనోవ్యాధికి తానై చేరిన చికిత్సాలయపు కిటికీనుండి చూచిన ఆకాశమును జ్ఞప్తియందుంచుకొని ఆ చిత్రమును వ్రాసెనని వినును. ప్రక్కగోడపై రంగుకాగితముల కత్తిరింపులు. 1941లో పెద్ద శస్త్రచికిత్సయై, నిలిచి పనిచేయుట దుర్భరమైన పిమ్మట, ఆన్రీ మాటీస్ మంచముపైనుండియు చక్రాల కుర్చీలోనుండియు రంగు పూసిన కాగితములను కత్తెరతో కత్తిరించి చిత్రములు కూర్చెననుట ఆ బిడ్డలకు పాఠములోనే తెలిసిపోవును.

వెనుకటి ఒక ప్రదర్శనములో నన్ను ఎక్కువసేపు నిలిపినవి ఫెయిత్ రింగ్‌గోల్డ్ పేరిటి బొమ్మలు. న్యూయార్కులోని హార్లెం పేటలో 1930లో జన్మించిన ఆ నల్లజాతి చిత్రకారిణి, బానిసత్వమున పుట్టిన పూర్వికురాలినుండి తన యింటి స్త్రీలలో పరంపరగా వచ్చిన బొంతకుట్టును చిత్రరచనతో కలిపి, 1988లో, ఇంటి డాబాపైనుండి వంతెనమీదుగా ఎగిరిపోవు ఒక బాలిక కథను గుడ్డమీదికి ఎక్కించెను. పిల్లలు తమ యింటి డాబాలను గీసి, చుట్టును గుడ్డపేలికలు అంటించిరి. ఆ పేలికల అంచులను చూచుచుండగా మా అమ్మమ్మ బొంత కన్నులకు కట్టినది. మధ్యాహ్న భోజనములైన పిదప అరుగుమీద పాత చీరలను పొరలు పొరలుగా పరచి, పెద్దసూదితో ఆమె కుట్టిన ఆ బొంతలో ఏ ముక్క ఎవరి పెండ్లిచీరయో ఆమెకు కంఠోపాఠము. అది కళ యని ఆమె గాని మేము గాని ఎన్నడును తలపలేదు. చలికాలమున కప్పుకొంటిమి, అంతే.

ఇంకను ముందుకు నడువగా చీటీల తీరు మారినది. దూదిపుల్లలను రంగులో ముంచి చుక్కలు పెట్టిన తాబేళ్ల క్రింద మనుష్యుని పేరు లేదు. "ఆస్ట్రేలియా" అని మాత్రమున్నది. దాని ప్రక్కనే, తళుకుపొడి చల్లిన అంబారీ ఏనుగుల క్రింద "ఇండియా" అని యున్నది. పాశ్చాత్యుడైనచో మనిషి, ఇతరుడైనచో దేశము! కెరటపు బొమ్మ క్రింద జపానువాడైన హొకుసాయి పేరున్నందున ఈ నియమమునకు ఒక్క అపవాదము గలదని ఒప్పుకొనవలెను. చుక్కల సంగతి మరియు వింత. నేడు లోకమెల్ల ఎరిగిన ఆ చుక్కల చిత్రములకు మూలమైన ఉద్యమము 1971లో, ఆస్ట్రేలియా నడిమి ఎడారిలో పాపున్యా అను ఊర, ఒక బడిగోడమీదనే మొదలైనది. ఆ బడిలో చిత్రలేఖనము చెప్పిన జెఫ్రీ బార్డన్ ప్రోత్సాహమున, అచ్చటి ఆదివాసి పెద్దలు తమ తేనెచీమ కథను ఆ గోడపై వ్రాసిరి. ఆ కథలు ఎవరివి వారివే. ఒకరి కథను మరియొకరు అనుజ్ఞ లేనిదే వ్రాయరాదని వారి కట్టుబాటు. కావున ఆ చీటిపై దేశము పేరు వ్రాసి ఊరకుండుట చిన్న పొరపాటు కాదని నా అభిప్రాయము.

ఏనుగుల ముందు నిలిచి ఈ మాటనే కొంచెము నిష్ఠురముగా చిత్రలేఖనపు టీచరుతో అంటిని. ఆమె నొచ్చుకొనలేదు. "ఎవరి పేరు వ్రాయవలెనో నాకు తెలియదు, మీరు చెప్పెదరా?" అని నిష్కపటముగా అడిగెను. రవివర్మ పేరు నాలుకచివరకు వచ్చినది గాని, తళుకుపొడి ఏనుగునకును ఆయనకును ఏమి సంబంధము? సంక్రాంతికి, ఉగాదికి వేదికలెక్కి మన సంస్కృతి ఔన్నత్యమును గూర్చి గంటలకొలది ఉపన్యసించిన నోరు ఆనాడు పెగలలేదు. మనము ఇట్టి బడులకు వత్సరమునకొకసారి సమోసాలును, మట్టిప్రమిదలును పంపి, బాధ్యత తీరినదనుకొనుచున్నాము. ఆమె తప్పుకంటె నా తప్పు పెద్దది.

ఆ సిగ్గుతోనే మరుసటిసారి స్వదేశమునకు పోయినప్పుడు శ్రీకాళహస్తిలో ఒక కలంకారీ పనివారి యింట రెండు దినములు కూర్చుంటిని. కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో నూలుబట్టను ముంచి ఎండవేయుదురు. పాలలోని కొవ్వు రంగును ప్రక్కకు ప్రాకనీయదు. వెదురుపుల్ల మొనకు ఉన్ని చుట్టి దారముతో బిగించినదే కలము. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపు నీటిలో వారములకొలది ఊరవేసి తీసిన ద్రవముతో గీత గీయగా, కరక్కాయ తాకిన బట్టపై అది నల్లబడును. అన్నిటికంటె నాకు అబ్బురమైనది ఎఱుపు. పటికనీటితో దేవత చీరను దిద్దినప్పుడు దాదాపు ఏమియు కానరాదు. వేళ్లరంగుతో కలిపి బట్టను కాగులో ఉడికించినప్పుడు, పటిక తాకినచోట మాత్రము ఎఱుపు పుట్టుకొనివచ్చును. తరువాత పారునీట జాడింపు, ఎండవేత, మరల పాలు, మరల రంగు. పూర్వము నీలిమందులో ముంచునప్పుడు, నీలము తగులరాని తావులను మైనముతో కప్పెడివారట. వాన్ గో ఆకాశమునకై మా బడిపిల్లవాడు క్రేయానుతో చేసినది ఈ పనియే గదా!

తెచ్చిన బట్టముక్కతోను, గుప్పెడు కరక్కాయలతోను ఈ సంవత్సరము ఆ తరగతికి పోతిని. ఏమి చెప్పినను పిల్లలు ముందుగా ఆ పాలవాసనకు ముక్కులు మూసికొనిరి. ఆ పిమ్మట ఒక్కరును బట్టను వదలలేదు. నాడు పేరడిగిన టీచరుకు చిత్రకారుడైన దామెర్ల రామారావును గూర్చి చెప్పితిని. రాజమహేంద్రవరమున 1897లో పుట్టిన ఆ బాలుని చేతిని గుర్తించినవాడు ఆ ఊరి కళాశాల ప్రిన్సిపాలైన ఆంగ్లేయుడు ఆస్వాల్డ్ కూల్డ్రే; ఆయన ప్రోద్బలముననే రామారావు బొంబాయి చిత్రకళాశాలకు పోయెను. ఇరువదియెనిమిదేండ్లు నిండకుండగనే, 1925లో, మశూచికము ఆయనను తీసికొనిపోయినది. ఆయన చిత్రములకు రాజమహేంద్రవరమున ప్రత్యేకముగా ఒక చిత్రశాల కలదు. స్వదేశమునకు పోవు మనవారిలో ఎందరు పిల్లలను వెంటబెట్టుకొని అచ్చటికి పోవుచున్నారో!

ఈ మే మాసపు ప్రదర్శనములో మా అమ్మాయి గుడ్డపేలికలతో ఒక అరుగును, దానిపై ఒక ముసలమ్మను అతికినది. చీటిపై రెండవ పేరు మా అమ్మమ్మది. ఈ సంచిక చదువు సోదరసోదరీమణులకు నా విన్నపమొక్కటే: మీ యింట బొంతయో, కలంకారీ దుప్పటియో, కొండపల్లి బొమ్మయో ఉన్నచో, దానిని చేసినవారెవరో ఊరిలోని పెద్దలు జీవించియుండగనే ఫోనులో అడిగి తెలిసికొని, ఆ పేరును మీ బిడ్డచేత ఒక చీటిపై వ్రాయించి, వచ్చు వసంతమున ఆ బొమ్మతోపాటు బడికి పంపుడు.