అర్పింపరానిది అనుభవింపరాదు

ఓం శ్రీ గురుబసవలింగాయ నమః



మన వీరశైవమున ఒక నియమము కలదు. భక్తుడు నోటికి అందించుకొను ప్రతి పదార్థమును ముందుగా లింగమునకు అర్పించి, పిదప ప్రసాదముగా స్వీకరింపవలెను. అనర్పితమును ముట్టరాదు. అన్నమైనను, ఫలమైనను, గ్రుక్కెడు నీరైనను ఇదియే కట్టుబాటు. బాల్యమునుండి ఈ మాట మనము వినుచునే యున్నాము. ఐనను ఉదయమున విభూతి ధరించిన చేతులే సాయంకాలమున సీసాను పట్టుచున్నవి. పంచాక్షరిని పలికిన నోళ్ళే పొగాకును నములుచున్నవి. ఈ రెంటికిని నడుమ నున్న అగాధమును గూర్చి నాలుగు మాటలు విన్నవింప దలచితిని. ఒకరిని నిందించుటకు గాదు. ఆ అగాధమున పడి లేచినవాడను గనుక చెప్పుచున్నాను.

నేను తెలుగు పండితుడను. పండిత శిక్షణ పొందు దినములలో, రాత్రివేళ నిద్ర రాకుండుటకని ఒక మిత్రుడు జర్దా కిళ్ళీ అలవాటు చేసెను. మొదట భోజనానంతరము ఒకటి. పిదప దినమునకు మూడు. ఉద్యోగమున స్థిరపడునప్పటికి ఎనిమిది, పది. ఇరువది రెండేండ్లు నా బుగ్గ ఖాళీగా నుండిన దినము లేదు. తరగతిలో నల్లబల్లవైపు తిరిగి నమలుట, కిటికీ యొద్దకు పోయి ఉమిసి వచ్చి పద్యము నందుకొనుట పిల్లలందరును ఎరిగినదే.

లింగపూజకు మాత్రము నోరు పుక్కిలించి కూర్చుండెడివాడను. అది భక్తియని మురిసితిని. నిజమేమన, ఇష్టలింగము అరచేతిలో నుండెను, మనస్సు చొక్కా జేబులోని పొట్లముపై నుండెను. జపసంఖ్య లెక్కించుచున్నది వ్రేళ్ళు. పూజ ఎప్పుడు ముగియునా యని నిరీక్షించుచున్నది నాలుక. ఆ సమయమున నేను ఎవరిని ఆరాధించుచుంటినో వేరుగ చెప్పవలెనా?

మానవలెనను కోరిక లేకపోలేదు. దంతవైద్యుడు భయపెట్టినపుడెల్ల మానితిని. ఒక మహాశివరాత్రినాడు శ్రీశైల మల్లికార్జునుని సన్నిధిని కన్నీటితో ప్రమాణము చేసితిని. ఘాటురోడ్డు దిగి బస్సు దోర్నాలలో ఆగునప్పటికి కిళ్ళీ అంగడి ముందు నిలిచి యుంటిని. ప్రమాణభంగము తొలుత బాధించెను. క్రమముగ ఆ బాధయు మొద్దుబారెను. "ఇది నావల్ల కాదు" అను మాట నాకొక దిండుగా మారెను. దానిపై తల పెట్టుకొని సుఖముగ నిద్రించితిని.

మా ఊరిలో నా పూర్వశిష్యుడొకడు బేల్దారి పని చేయుచుండెను. మంచి పనివాడు. వచ్చిన కూలి యంతయు త్రాగుడుకే చాలెడిది కాదు. అతని కుమారుడు నా యొద్దనే పదవ తరగతి చదువుచుండెను. పరీక్ష రుసుము కట్టవలసిన గడువు రేపటితో ముగియుననగా, ఆ పిల్లవాడు తలవంచుకొని నిలుచుట చూచి, సాయంకాలము వారింటికి పోయి తండ్రికి గట్టిగా బుద్ధి చెప్పితిని. దేహమే దేవాలయమనియు, సదాచారము మన పంచాచారములలో నొకటి యనియు, బసవేశ్వరుని మాటలు మరువరాదనియు ఉపన్యసించితిని. అతడు మంచముపై కూర్చుండి అంతయు వినెను. తుదకు మెల్లగా ఇట్లనెను:

"అయ్యవారూ, మీరు చెప్పేదంతా నిజమే. ముందు మీ బుగ్గలో ఉన్నది ఉమిసిరండి. అప్పుడు మళ్ళీ చెప్పండి, వింటాను."

అతని భార్య "పెద్దాయనతో ఆ మాటలేమి?" అని కసరెను. నేను మారుమాట లేక లేచి వచ్చితిని. ఆ పిల్లవాని రుసుము మరునాడు నేనే కట్టితిని గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లవారుజామున స్నానము చేసి పూజకు కూర్చుంటిని. ఏమి తోచెనో, జేబులోని పొట్లమును తెచ్చి లింగము ముందు పెట్టితిని. "ఇరువది రెండేండ్లుగా దీనిని అనుభవించుచున్నానే, ఒక్కనాడైనను అర్పించితినా? నేడు అర్పించి చూతము" అనుకొంటిని. "శివా, ఇది నీకు" అనబోతిని. నోరు రాలేదు. మరల యత్నించితిని. రాలేదు. భయముచేత గాదు సుమా! ప్రేమించినవారి పళ్ళెములో ఎంగిలి వడ్డింపబోయినప్పుడు చేయి ఎట్లు వెనుకకు వచ్చునో అట్లు నా మాట వెనుకకు వచ్చెను. అర్పింపలేని దానిని ఆ దినము నేను నోటబెట్టలేకపోయితిని.

శరణులారా! ఇదియే నేను చెప్పదలచిన మాట. వ్యసనమును విడుచుటకు భయమొక్కటి చాలదు. రోగభయము నొప్పి యున్నంత సేపే యుండును. సిగ్గు అంతకంటె చేటు. త్రాగి సిగ్గుపడినవాడు ఆ సిగ్గును మరచుటకే మరల త్రాగును. ఇల్లాలు తిట్టినకొలది, ఊరు నవ్వినకొలది సీసా దగ్గరగును. మనిషిని నిలబెట్టునది మరొక్కటి యున్నది. తనకు అత్యంత ప్రియమైన దానియెదుట ఆ వస్తువును పెట్టి "ఇది నీకు ఇవ్వగలనా?" అని అడుగుకొనుట. భక్తునకు ఆ ప్రియవస్తువు ఇష్టలింగము. అది గుడిలో నుండదు, గుండెమీద నుండును. అంగడికి పోయినను వెంట వచ్చును. మనము సీసా ఎత్తినపుడు దాని క్రిందనే వ్రేలాడుచుండును.

పెద్దలు షట్స్థలములను చెప్పినపుడు భక్తస్థలమునకు శ్రద్ధను, మాహేశ్వర స్థలమునకు నిష్ఠను, ప్రసాదిస్థలమునకు అవధానమును భక్తిరూపములుగా చెప్పిరి. శ్రద్ధ యనగా మారవలెనను ప్రేమ. నిష్ఠ యనగా పట్టు విడువకుండుట. అవధానమనగా నోటి దాకా వచ్చిన చేతిని ఆపి, "ఏమి తీసికొనుచున్నాను?" అని చూచుకొనుట. నాకు శ్రద్ధ ఏనాడో యుండెను. నిష్ఠకై ప్రమాణములు చేసితిని. లేనిది అవధానము. చేయి నోటికి పోవుట నేను చూచుచుండలేదు. అదియే పోవుచుండెను.

మరి ఆ నిష్ఠ ఎంత కాలమునకు? ఇక్కడనే మనము పొరపడుచున్నాము. "జన్మలో ముట్టను" అనుకొందుము. ఆ జన్మ యంత బరువు ఒక్కనాటి భుజముపై పెట్టి కూలిపోవుదుము. కల్యాణ పట్టణమున ఆయ్దక్కి మారయ్య శరణుడు చెదరిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట కాయకముగా జీవించెను. ఒకనాడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని చూచి, నేటికి చాలినంత యుంచి మిగిలినది అక్కడనే పోసి రమ్మని పంపివేసెను. రేపటి బియ్యము రేపటి కాయకమునకు వదలవలెను గాని, నేడే మూట గట్టరాదని ఆ తల్లి బోధ. వ్రతమునకును ఇదియే న్యాయము. నేటికి చాలినంత నిగ్రహము చాలును. రేపటిది రేపు అడుగుకొందము. నేను "ఈ దినము అర్పింపరానిది తినను" అని మాత్రమే ప్రతి ఉదయము పలికితిని. ఇరువది నాలుగు గంటలకు మించిన ప్రమాణము నేటికిని చేయలేదు.

ఉరిలింగపెద్ది శరణుని కథ మీలో పెక్కురు వినియుందురు. ఆయన పూర్వాశ్రమమున దొంగ. కన్నము వేయుటకు పోయిన ఇంటిలో ఉరిలింగదేవుడను గురువు ఒక భక్తునకు లింగదీక్ష నిచ్చుట చాటునుండి చూచి మనసు కరగెనట. నాటినుండి ప్రతిదినము ఒక కట్టెలమోపు గురువు మఠమునకు మోసెను. కూలి తీసికొనలేదు. దీక్ష వేడగా గురువు నిరాకరించి, విసుగుతో ఒక రాతిని విసరెననియు, ఆ రాతినే లింగముగా గ్రహించి ఆయన పూజించెననియు శరణ చరిత్రలు చెప్పుచున్నవి. ఆ రాత్రి కరగిన మనసే ఆయనను మార్చెనని మనమందుము. నాకు మాత్రము ఆ కట్టెలమోపులే కనబడును. మనసు కరగుట ఒక్క రాత్రి పని. మోపు మోయుట ప్రతిదినపు పని. కరగిన మనసు మరల గట్టిపడకుండ కాచినవి ఆ మోపులే.

ఇక నా అపరాధము నొకటి చెప్పవలసి యున్నది. ఇరువది దినములు గడచిన పిదప ఖాళీ బుగ్గతో మరల ఆ శిష్యుని యింటికి పోయితిని. ఈమారు ఉపన్యసింపలేదు. "అబ్బీ, ఇరువది దినములాయెను. మిక్కిలి కష్టముగా నున్నది" అంటిని. అతడు నవ్వి, మంచముమీద జరిగి చోటిచ్చెను. చాలసేపు మాటలాడుకొంటిమి. లేచునపుడు నేను "రేపటినుండి నీవును చుక్క ముట్టకుము" అంటిని. అతడు అట్లే చేసెను. రెండవ దినము రాత్రి అతని చేతులు గడగడ వణకెను. ఒడలంతయు చెమట. గోడమీద లేని చీమలను చూపుచు దులుపసాగెను. దయ్యము పట్టెనని ఇంటివారు మంత్రగానికై పరుగెత్తిరి. నేను విభూతి పెట్టి కూర్చుంటిని. పొరుగువాడొకడు ఆటో తెచ్చి ఆసుపత్రికి చేర్చకున్నచో ఏమగునో తలచుకొనిన నేటికిని గుండె అదరును.

అక్కడి వైద్యుడు నన్ను మందలించెను. ఏండ్ల తరబడి ప్రతిదినము విపరీతముగా త్రాగినవాడు హఠాత్తుగా మానినచో కొన్ని గంటలలోనే వణకు మొదలగునట. ఒకటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండు మూడు దినములకు మతిభ్రమణము కలుగవచ్చును. చికిత్స లేనిచో ప్రాణమే పోవచ్చును. అట్టివారు వైద్యుని పర్యవేక్షణలో మందులతో, బి1 విటమినుతో క్రమముగా మానవలెను. శరణులారా! ఇది చక్కగా గుర్తుంచుకొనుడు. వైద్యుని యొద్దకు పోవుట భక్తికి లోటు కాదు. దేహమును దేవాలయమన్నవారు ఆ దేవాలయమునకు మరమ్మతు వలదందురా?

పది దినములకు అతడు ఇంటికి వచ్చెను. నలువది యొకటవ దినమున నేనే ఒక పెండ్లిలో తాంబూలపు పళ్ళెమునుండి జర్దా కిళ్ళీ తీసి నోట వేసికొంటిని. చేయి తానై పోయెను. వ్రతము చెడినదని, ఇక ఏమైనను ఒకటేనని, సాయంకాలమునకు మరి మూడు నమిలితిని. అతనితో చెప్పుటకు నోరాడలేదు. అయినను చెప్పితిని. అతడు ఇట్లనెను: "అయ్యవారూ, ఒక ఇటుక వంకరపోతే ఆ ఇటుకనే తీసి మళ్ళీ పెడతాము. గోడంతా కూలుస్తామా?" ఎన్ని గ్రంథములు చదివినను నాకు దొరకని ధర్మము ఆ తాపీ పట్టిన చేతినుండి దొరకెను. నేను ఉపదేశింప పోయినవాడు నాకు గురువాయెను. నాటికి నేటికి తొమ్మిదేండ్లు. అతడును నడుమ రెండుమార్లు జారి, లేచి, ఆరేండ్లుగా నిలిచి యున్నాడు.

ఈ పోరాటము ఒంటరిగా సాగదు. అనుభవ మంటపమున అల్లమప్రభువు సన్నిధిని శరణులును శరణులయిన స్త్రీలును తమ తమ అనుభవములను దాపరికము లేక విప్పి చెప్పుకొనిరి. మనమో, ఇంటిలోని త్రాగుడును పరువుకై దాచుదుము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు దాపరికము వీడి, సారాయి అంగడిని మూయించిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి 1993 అక్టోబరు 1న సారాయి నిషేధమునకు దారి తీసెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలెను. చట్టము వీధిలోని అంగడిని మూయవచ్చును, తెరవవచ్చును. నాలుకమీది అంగడిని మూయు తాళపుచెవి మాత్రము మనయొద్దనే యున్నది.

కావున సోదరులారా! ఈ మూటిని ఆచరింపుడు. తహతహ పుట్టినపుడు లింగమును అరచేత నుంచుకొని ఒక అరగడియ పంచాక్షరి జపింపుడు. ఆ అల లేచినట్లే విరుగును. మీ నిజస్థితి ఎరిగిన ఒక్క మనిషిని సంపాదించుకొనుడు, అతనికి అబద్ధమాడకుడు. త్రాగుడు ముదిరినచో ముందు వైద్యుని చూడుడు. ప్రభుత్వము వారి 14446 అను ఉచిత ఫోను సంఖ్యకు ఎవరైనను మాటలాడవచ్చును. తల్లులారా! జారినవాడు నిజము చెప్పినపుడు ఆ నిజమును శిక్షింపకుడు. శిక్షించినచో రేపు అబద్ధమే చెప్పును. మన పెండ్లిండ్లలో, పండుగలలో తాంబూలపు పళ్ళెమునుండి ఆ పొట్లములను, పందిరి వెనుకనుండి ఆ సీసాలను తొలగింపుడు. అదియును దాసోహమే.

రేపు ఉదయము పూజకు కూర్చుండునపుడు, మీరు విడువలేని దేదియో దానిని లింగము ముందు పెట్టి చూడుడు. "శివా, ఇది నీకు" అని అనగలిగినచో స్వీకరింపుడు. అనలేనిచో ఆ యొక్క దినమునకు పక్కన పెట్టుడు. అంతకు మించి నేనేమియు కోరను.

శరణు శరణార్థులు.